కిల్లిక్ అయ్యావా? యుద్ధనౌకలో నలుగురిని నడిపించడం ఇలా

మన సిక్కోలు పిల్లలు నేవీ గురించి అడిగే ప్రశ్నలు ఈమధ్య మారాయి. ఇదివరకు పరుగు ఎన్ని నిమిషాల్లో తీయాలి, మెడికల్‌లో ఏం చూస్తారు, చిల్కా ట్రైనింగ్‌లో తిండి ఎలా ఉంటుంది అని అడిగేవారు. ఇప్పుడు సోంపేట వైపు నుంచో టెక్కలి వైపు నుంచో ఫోన్ చేసి, "చిన్నాన్నా, లీడింగ్ ఇచ్చారు, చేతి మీద లంగరు వచ్చింది. నిన్నటిదాకా పక్క బంకులో పడుకున్నోడికి ఇవాళ నేను పని చెప్పాలి, ఎలా చెప్పేది?" అంటున్నారు. కొందరు సెయిలర్ల మీద మొదటి పెద్దరికం ఇచ్చే ఈ లీడింగ్ ర్యాంకునే, చేతి మీది లంగరు గుర్తును బట్టి, మేం కిల్లిక్ అంటాం. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు, 24 ఏళ్ల సర్వీసులో నాకు పనికొచ్చినదంతా ఒకచోట రాద్దామని కూర్చున్నాను. నేను చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా బయటికొచ్చాను కాబట్టి ఇది కెప్టెన్ కుర్చీలోంచి చూసి రాసింది కాదు, సెయిలర్లు తిని పడుకునే మెస్ డెక్ నుంచి చూసి రాసింది. అయినా ఆఫీసర్‌గా వెళ్లే కోరుకొండ సైనిక్ స్కూల్ పిల్లలకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు ఒక్క మాట. మా నాన్న బారువ తీరంలో తండేలు. కెరటం దాటేటప్పుడు తెప్ప మీద తండేలు ఒక్కడే మాట్లాడతాడు, మిగతావాళ్లు తెడ్డు వేస్తారు. కానీ ఎదురుగా ఏదైనా కనిపిస్తే అందరికంటే చిన్న కుర్రాడైనా సరే గట్టిగా అరవాలి. అరవకపోతే ఒడ్డుకొచ్చాక తిట్లు తినేది వాడే. పని చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి, ప్రమాదం చెప్పే గొంతు మాత్రం ప్రతి ఒక్కరికీ ఉండాలి. ఐఎన్ఎస్ విశాఖపట్నం లాంటి ఓడ 163 మీటర్ల పొడవు, 7,400 టన్నుల బరువు ఉంటుంది, దాని మీద మూడొందల పైచిలుకు మనుషులుంటారు. అక్కడ కూడా ఇదే లెక్క. నేను చెప్పబోయేదంతా ఈ రెండు గొంతులనూ ఒకేసారి ఎలా నిలబెట్టాలన్నదే.

ఎవరి కింద ఎవరన్నది నీకు తెలిసిందే, కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పైన సీఓ, అంటే కెప్టెన్, ఆయన తర్వాత రెండో మనిషి ఎక్స్‌ఓ, ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ హెడ్‌లు, వాళ్ల కింద ఆఫీసర్లు, మాస్టర్ చీఫ్‌లు, చీఫ్‌లు, పెట్టీ ఆఫీసర్లు, వాళ్ల కింద నువ్వు. ఇది కాకుండా ఏ గంటకు ఎవరు వాచ్ మీద, అంటే కాపలా డ్యూటీలో, ఉంటే వాళ్లదే ఆ గంట పెద్దరికం అనే ఇంకో వరస నడుస్తుంటుంది. రాత్రి రెండింటికి బ్రిడ్జ్ మీద, అంటే ఓడ నడిపే చోట, నిలబడ్డ కుర్ర లెఫ్టినెంట్ చేతిలో ఓడంతా ఉంటుంది. అయినా బాధ్యత మాత్రం కెప్టెన్‌దే. ఆయన అధికారం పంచిపెట్టగలడు గానీ బాధ్యతను పంచిపెట్టలేడు. నీ నలుగురి విషయంలో నీదీ అంతే.

మాట ఎలా చెప్పాలి

స్టీరింగ్ దగ్గర నిలబడినవాడికి ఆర్డర్ ఎలా వస్తుందో గుర్తు చేసుకో. ఆఫీసర్ "స్టార్‌బోర్డ్ టెన్" అంటాడు, అంటే చుక్కాని కుడివైపుకు పది డిగ్రీలు. వీడు "స్టార్‌బోర్డ్ టెన్, సర్" అని తిరిగి చెప్పి చక్రం తిప్పుతాడు. చుక్కాని అక్కడికి చేరాక "టెన్ ఆఫ్ స్టార్‌బోర్డ్ వీల్ ఆన్, సర్" అని మళ్లీ చెప్తాడు. ఒక చిన్న పనికి మూడుసార్లు మాట నడిచింది. కొత్తలో ఇదంతా పెరేడ్‌లా అనిపిస్తుంది గానీ విన్నాడా, సరిగ్గా విన్నాడా, చేశాడా అనే మూడు అనుమానాలు మూడు సెకన్లలో తీరిపోతాయి. బ్రిడ్జ్ మీద అందరూ ఇలాగే చేస్తారు, మెట్లు దిగి కిందికి రాగానే మర్చిపోతారు. నేనూ అలాగే మర్చిపోయాను.

నేను లీడింగ్ అయిన మొదటి ఏడాది, ఓడ పేరెందుకులే, ఫైర్ డ్రిల్ అయిపోయాక నీళ్ల లైన్లు మూయిస్తున్నాం. కింద స్టోర్ పక్కనున్న వాల్వ్ చూపించి ఒక కుర్రాడితో "అది చూసుకో" అన్నాను. చెప్పింది హిందీలోనే గానీ అర్థం అదే. వాడు వెళ్లాడు, చూసుకున్నాడు, వచ్చేశాడు. వాల్వ్ సగం తెరిచే ఉంది. పొద్దున్న స్టోర్ తలుపు తీస్తే చీలమండ లోతు ఉప్పునీళ్లు, కింద వరసలో పెట్టిన పిండి బస్తాలన్నీ ముద్దలైపోయి ఉన్నాయి. చీఫ్ పిలిచి అడిగితే "వాడికి చెప్పాను సర్" అన్నాను. ఆయన కోప్పడలేదు. "ఏం చెప్పావో ఆ మాట యథాతథంగా నాకు చెప్పు" అన్నాడు. "చూసుకో అన్నాను" అని నా నోటితో నేనే చెప్పాక ఇంక మాట్లాడటానికేమీ మిగల్లేదు. ఆ బస్తాలు మోసి పైకి తెచ్చింది నేనూ ఆ కుర్రాడూ ఇద్దరమూ. మెట్ల మీద మోస్తున్నప్పుడు వాడు నా మొహం వంక చూడలేదు, నేనూ వాడి వంక చూడలేకపోయాను.

కాబట్టి నీ ఆర్డర్‌లో ఎవరు, ఏ పని, ఎక్కడ, ఎప్పటిలోగా అన్నవి ఉండాలి, పూర్తయ్యాక ఎవరికి చెప్పాలో కూడా ఉండాలి. "ఫలానా, నువ్వు వెళ్లి స్టోర్ పక్కన ఎర్ర చక్రం ఉన్న వాల్వ్ పూర్తిగా మూసేయ్, మూశాక నా దగ్గరకొచ్చి మూశానని చెప్పు." ఇంతే. "చూసుకో", "కొంచెం చేసెయ్", "ఎవరైనా వెళ్లండ్రా" లాంటి మాటలు ఇంట్లో చెల్లుతాయి, ఓడలో చెల్లవు. ముఖ్యంగా ఆ చివరిది: ఎవరైనా అంటే ఎవరూ వెళ్లరు. వాడు తిరిగి చెప్పేదాకా అక్కడి నుంచి కదలకు. మొదటి వారం నవ్వుతారు, మూడో వారానికి వాళ్లకే అలవాటైపోతుంది.

ఇందులోనే ఇంకోటుంది. ఇప్పుడు ఈ పని ఎవరి చేతిలో ఉంది అన్నది పైకి చెప్పించాలి. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర అమెరికా నేవీ ఓడ జాన్ ఎస్ మెకెయిన్ ఒక ట్యాంకర్‌ను గుద్దుకుని పదిమంది నావికులు చనిపోయారు. స్టీరింగ్ పాడవలేదు. రద్దీ దారిలో ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతికి కంట్రోల్ మార్చే గందరగోళంలో స్టీరింగ్ పోయిందనుకున్నారు, ఏ కంట్రోల్ ఎవరి దగ్గరుందో ఆ కొద్ది నిమిషాలు ఎవరికీ స్పష్టంగా తెలియలేదు. మన బ్రిడ్జ్ మీద "ఐ హ్యావ్ ద షిప్" అని గట్టిగా చెప్పి తీసుకోవడం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. నువ్వు నీళ్లు కొట్టే హోస్ పట్టుకున్నా, తాడు పట్టుకున్నా, అవతలివాడు "పట్టుకున్నాను" అన్నాకే వదులు.

వాచ్ అప్పగించడం

నాలుగు గంటల వాచ్ అయ్యేసరికి ఒళ్లు బంకు కోసం లాగేస్తుంటుంది. ప్రమాదం ఆ పది నిమిషాల్లోనే ఉంటుంది. 2018 నవంబరు 8 తెల్లవారుజామున నార్వే యుద్ధనౌక హెల్గే ఇంగ్‌స్టాడ్ ఒక ఆయిల్ ట్యాంకర్‌ను గుద్దుకుని చివరికి మునిగిపోయింది. అందులో ఉన్న 137 మందీ బతికారు, అదొక్కటే అదృష్టం. గుద్దుకోవడానికి కొద్దిసేపటి ముందే వాచ్ మారింది. టెర్మినల్ దగ్గర కనిపించిన లైట్ల గుంపు ఒకచోట నిలిచి ఉన్న వస్తువని దిగిపోయేవాడు అనుకున్నాడు, ఎక్కినవాడికీ అదే నమ్మకం అంటుకుంది. నిజానికి అది డెక్ లైట్లు వేసుకుని బయల్దేరుతున్న ట్యాంకర్.

అందుకే అప్పగించేటప్పుడు నువ్వు చూసింది వేరుగా, అనుకున్నది వేరుగా చెప్పు. "గ్రీన్ 40లో తెల్ల లైటు ఉంది, పావుగంట నుంచి చూస్తున్నాను" అన్నది చూసింది (గ్రీన్ 40 అంటే ఓడ ముక్కు నుంచి కుడివైపు 40 డిగ్రీలు). "చేపల పడవ అనుకుంటున్నాను" అన్నది అనుకున్నది. ఎక్కేవాడివి నువ్వైతే పది నిమిషాలు ముందే వచ్చి, చీకటికి కళ్లు అలవాటుపడేదాకా నిలబడి, వాడు చెప్పిన ప్రతి లైటునూ నీ కళ్లతో చూశాకే తీసుకో. తృప్తి కలగకపోతే తీసుకోవద్దు. పది నిమిషాలు నిద్ర తగ్గిందని అవతలివాడు విసుక్కుంటే విసుక్కోనీ.

చూసింది, అనుకున్నది కలిసిపోతే ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి 1988 జులై 3 చాలు. గల్ఫ్‌లో అమెరికా ఓడ విన్సెన్స్ ఒక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని యుద్ధవిమానం అనుకుని కూల్చేసింది, 290 మంది పోయారు. కంప్యూటర్ తెర మీద ఆ విమానం పైకెక్కుతోంది. పోరాటం నడిపే ఆప్స్ రూమ్‌లో మాత్రం కిందికి దిగుతోందని రిపోర్టు నడిచింది. అందరిలో భయం, టెన్షన్. దాడి జరగబోతోందని మనసులో ఒకసారి పడిపోతే కళ్లు కూడా అదే చూస్తాయి. కెప్టెన్ నిర్ణయం తీసుకునేది కింది నుంచి వచ్చిన మాటల మీదే. ఆ మాటల్లో నీదీ ఒకటి ఉంటుంది.

లేపాలా వద్దా

లేపాలి. ఇంతే జవాబు, కానీ దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన పిల్లలు తడబడేది ఇక్కడే. పెద్దాయన నిద్రపోతుంటే లేపకూడదని మన ఇళ్లలో నేర్పుతారు. ఓడలో ఆ మర్యాద చంపేస్తుంది.

ప్రతి కెప్టెన్‌కూ స్టాండింగ్ ఆర్డర్లుంటాయి, రాత్రికి రాత్రి రాసే నైట్ ఆర్డర్ బుక్ ఉంటుంది, వాచ్ ఆఫీసర్లంతా చదివి సంతకం పెడతారు. ఫలానా దూరం లోపలికి ఏ ఓడైనా వచ్చేలా ఉంటే, మంచు కమ్మితే, ఏదైనా మెషీన్ ఆగితే, అనుమానమొస్తే నన్ను లేపు అని అందులో రాసి ఉంటుంది. 2017 జూన్ 17న జపాన్ దగ్గర అర్ధరాత్రి దాటాక ఫిట్జ్‌జెరాల్డ్ అనే అమెరికా ఓడను ఒక కంటైనర్ ఓడ గుద్దింది, ఏడుగురు పోయారు. దగ్గరగా వస్తున్న ఓడల గురించి వాచ్ ఆఫీసర్ కెప్టెన్‌కు చెప్పాలి, ఆర్డర్ అలాగే ఉంది. చెప్పలేదు. కెప్టెన్ తన క్యాబిన్‌లోనే ఉన్నాడు.

నీ స్థాయిలో ఇది ఎలా ఉంటుందంటే, మన బంగాళాఖాతంలోనే ఒక రాత్రి అనుకో, సముద్రం మీద కన్నేసి ఉంచే నీ లుకౌట్ కుర్రాడికి దూరంగా ఒక చిన్న వెలుగు రెండుసార్లు మెరిసి ఆరిపోయినట్టు కనిపించింది. రాడార్‌లో ఏమీ లేదు. కళింగపట్నం, భావనపాడు పిల్లలకు వెంటనే తెలుస్తుంది అదేమిటో: పెద్ద ఓడ తమ మీదికి వస్తోందని పడవలోని మనుషులు టార్చి ఊపుతున్నారు. కానీ ఎక్కడో రాజస్థాన్ నుంచి వచ్చిన కుర్రాడికి అది భ్రమేమో అనిపిస్తుంది, చెప్తే నవ్వుతారేమో అనుకుంటాడు. వాడు చెప్తాడా చెప్పడా అన్నది ఆ రాత్రి తేలదు. రెండు వారాల కిందట వాడు ఏదో చెప్పి అది ఉత్తదని తేలినప్పుడు నీ మొహం ఎలా పెట్టావో దాని మీద ఉంటుంది.

కాబట్టి పనిలేని విషయానికి నిన్ను లేపినప్పుడు లేచి, బూట్లు వేసుకుని, వెళ్లి చూసి, "మంచి పని చేశావు, మళ్లీ కనిపిస్తే మళ్లీ లేపు" అను. నిద్ర పాడైన మొహంతో ఈ మాట అనడం కష్టమని నాకు తెలుసు. అయినా అనాలి. ఒక్కసారి విసుక్కుంటే చాలు, ఆ కబురు మెస్ అంతా పాకి, వాడే కాదు నలుగురూ నోరు మూసుకుంటారు.

పైవాడు పొరపాటు చేస్తున్నాడనిపిస్తే వాదించవద్దు, చూసింది చెప్పు. "సర్, గ్రీన్ 40లో లైటు దగ్గరవుతోంది." వినలేదా, ఇంకొంచెం గట్టిగా మళ్లీ చెప్పు. అప్పటికీ వినకపోతే "సర్, నాకు ప్రమాదంగా అనిపిస్తోంది" అని సూటిగా చెప్పు. ప్రమాదం లేని విషయాల్లో మాత్రం ఒకసారి చెప్పి, ఆయన నిర్ణయం తీసుకున్నాక అది నీ నిర్ణయమే అన్నట్టు చెయ్. కిందివాళ్ల దగ్గరకొచ్చి "నాకిష్టం లేదు, సాబ్ చెప్పాడు కాబట్టి చేస్తున్నాం" అన్నావంటే ఆయన పరువూ పోయింది, నీదీ పోయింది.

మనుషుల సంగతి

నేవీలో డివిజనల్ సిస్టమ్ అని ఉంది, ప్రతి సెయిలర్‌కూ ఒక డివిజనల్ ఆఫీసర్ (డీవో) ఉంటాడు, వాడి సెలవు, జీతం, ఇల్లు, కష్టం సుఖం అన్నీ ఆయన చూడాలి. కాగితం మీద ఆయనే, నిజంలో మాత్రం మొదట తెలిసేది నీకే. జేబులో చిన్న పుస్తకం పెట్టుకో. ప్రతి ఒక్కరి ఊరు, ఇంట్లో ఎవరెవరు, ఏ అప్పుంది, ఆఖరిసారి ఇంటికెప్పుడు వెళ్లాడు అన్నవి రాసుకో. ఎప్పుడూ తినేవాడు రెండు పూటలు తినకుండా బంకెక్కితే అడుగు. ఒకసారి నా కిందున్న ఒక అబ్బాయి వాచ్‌లో వరసగా తప్పులు చేస్తున్నాడు, మిగతావాళ్లు బద్ధకమనుకున్నారు. రాత్రి టీ తాగుతూ మెల్లగా కదిపితే, తిత్లీ తుఫానుకు వాళ్ల జీడితోట మొత్తం పడిపోయిందని, 2018 అక్టోబరు 11 నుంచి నాన్న మంచం దిగడం లేదని చెప్పాడు. పలాస పక్క ఊరు వాడిది. పదేళ్లు పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో పోవడమంటే ఏమిటో మన జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. మర్నాడు వాడి తరఫున రిక్వెస్ట్ నేనే పట్టుకుని డీవో దగ్గరకెళ్లాను. సెలవు రావడానికి నాలుగు రోజులు పట్టింది, కానీ ఎవరో ఒకరు పట్టించుకుంటున్నారని తెలిసిన ఆ రోజు నుంచే వాచ్‌లో తప్పులు ఆగాయి.

మనూరివాళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. పరాయిచోట తెలుగు వినపడితే ప్రాణం లేచొస్తుంది, నిజమే. మెస్‌లో కబుర్లు తెలుగులో చెప్పుకో, పని మీద మాత్రం అందరికీ అర్థమయ్యే భాషే మాట్లాడు. నువ్వూ నీ జిల్లా కుర్రాడూ తెలుగులో ఏదో అనుకుని నవ్వితే పక్కనున్న హర్యానా కుర్రాడికి అది వాడి మీద నవ్వులాగే ఉంటుంది. ఇంకా, బరువు పనుల లిస్టు వేసేటప్పుడు మనూరివాడి పేరు ముందు వెయ్. ఇప్పుడు ఓడల్లో అమ్మాయిలు కూడా ఉన్నారు, ఐఎన్ఎస్ ట్రింకట్‌కు ఒక మహిళా ఆఫీసరే కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. అమ్మాయిని పేరుతోనో ర్యాంకుతోనో పిలువు, పని అందరితో సమానంగా ఇవ్వు, తేలిక పని వెతికి ఇచ్చి దయ చూపించానని అనుకోకు.

తప్పు చేసినవాడిని ఫాలిన్‌లో, అంటే వరసలో నిలబెట్టినప్పుడు, నలుగురి ముందు తిట్టవద్దు, పక్కకు తీసుకెళ్లు. ఇది అందరూ చెప్పేదే. కానీ ఒక్క విషయంలో మెత్తబడకూడదు, అది హాజరు. లిబర్టీ నుంచి, అంటే ఓడ దిగి బయటికెళ్లే అనుమతి మీద వెళ్లి, పొద్దున్నకల్లా రావాల్సినవాడు ఫోన్ చేసి "బస్సు ఆమదాలవలస దగ్గర ఆగిపోయింది, నా పేరు వేసెయ్ అన్నా" అంటాడు. వేయకు, ఎంత దగ్గరవాడైనా సరే. ఆ గంటలో ఓడలో మంట లేచిందనుకో, లెక్క ప్రకారం వాడు లోపలున్నాడు, మనిషి కనిపించడం లేదు. అప్పుడు మాస్క్ పెట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు పొగలోకి వెళ్తారు, బస్సులో కూర్చున్నవాడిని వెతకడానికి. ఆలస్యానికి వాడికి పడే శిక్ష చిన్నది. కావాలంటే తప్పు చేసినవాళ్లను విచారించే డిఫాల్టర్స్ టేబుల్ దగ్గర వాడి తరఫున నాలుగు మంచి మాటలు చెప్పు.

మంట లేచినప్పుడు

ఫ్లోట్, మూవ్, ఫైట్ అంటారు. ముందు తేలాలి, తర్వాత కదలాలి, ఆ తర్వాతే కొట్లాట. మంట చూసినవాడు మొదట అరవాలి, "ఫైర్ ఫైర్ ఫైర్" అని, ఏ డెక్‌లో ఏ గదో చెప్పాలి, అప్పుడు దగ్గర్లోని మంట ఆర్పే సిలిండర్ తీయాలి. వీరుడిలా ఒక్కడే ఆర్పేద్దామని మొదలుపెట్టి, అది చెయ్యి దాటాక చెప్పేవాళ్లతోనే ఓడలు పోతాయి.

టీమ్ లీడర్‌గా నీ చేతిలో హోస్ ఉండకూడదు. హోస్ పట్టుకున్నావంటే మంట తప్ప ఇంకేమీ కనపడదు. వెనక నిలబడి మంట గదికి ఆరు వైపులా, అంటే నాలుగు గోడలు, పైన, కింద, వేడి ఎక్కడికి పాకుతోందో చూడు. లోపలికి వెళ్లినవాళ్లు ఏ నిమిషానికి వెళ్లారో, సిలిండర్‌లో గాలి ఎంతుందో బోర్డు మీద రాసే మనిషి రాస్తున్నాడా చూడు. వాళ్లు బయటికి రాకముందే తర్వాతి జత మాస్కులు పెట్టుకుని సిద్ధంగా ఉండాలి. కొట్టిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కూడా చూడు. తెప్పలో నీళ్లు నిండితే తోడతాం కదా, ఓడలో ఆ సంగతి మంట ధ్యాసలో మర్చిపోతారు. 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేవులో నార్మండీ అనే పెద్ద ఓడకు నిప్పంటుకుంటే ఆర్పడానికి కొట్టిన నీళ్ల బరువుకే అది పక్కకు ఒరిగి పడిపోయింది. లోపల గలగలలాడే నీళ్లు ఓడ వాలిన వైపుకే పరిగెత్తి ఇంకా వాలుస్తాయి.

గొంతు పెంచకు. ఆ టైంలో నీ గొంతు ఎంత నెమ్మదిగా ఉంటే కుర్రాళ్ల చేతులు అంత స్థిరంగా ఉంటాయి. 1971 డిసెంబరు 9 రాత్రి మన యుద్ధనౌక ఖుక్రీ మునిగిపోతున్నప్పుడు కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఇంకొకరికి ఇచ్చేసి బ్రిడ్జ్ మీదే ఉండిపోయాడని మనకు శిక్షణలోనే చెప్తారు. ఆ రాత్రి 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. బతికినవాళ్లలో కొందరిని ఆయనే తోసి నీళ్లలోకి దింపాడంటారు. ఆ కథ విన్న ప్రతిసారీ నాకు గొంతు పూడుకుపోతుంది.

ఇంక కొత్త కుర్రాడు ఎవరైనా నీ మెస్‌కు వచ్చిన మొదటి సాయంత్రం చేయాల్సింది ఒకటుంది. ఫిట్జ్‌జెరాల్డ్‌లో నీళ్లు దూసుకొచ్చిన గదిలో 35 మంది నిద్రలో ఉన్నారు, చీకట్లో 28 మంది బయటపడ్డారు, ముందు లేచినవాళ్లు పక్కవాళ్లను లేపి లాగారు. అందుకని ఆ కుర్రాడిని బంకులో పడుకోబెట్టి, కళ్లకు తువ్వాలు కట్టి, అక్కడి నుంచి పై డెక్ దాకా చేతులతో తడుముకుంటూ వెళ్లమను. మెట్లు లెక్కపెట్టించు, ఏ హ్యాచ్ ఎటు తెరుచుకుంటుందో వాడి చేత్తోనే పట్టించు, వెనకాల నువ్వు నడువు. మర్నాడు రెండో దారిలో అదే చేయించు, ఎందుకంటే మొదటి దారిలో పొగుండొచ్చు. ఎక్కడో ఒకచోట వాడి చెయ్యి గాల్లో వెతుక్కుంటూ ఆగిపోతుంది. అక్కడ తువ్వాలు విప్పకు. బంకు దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టించు.